అన్నం కోసమేనా? గుండ్లకమ్మ, 1878

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఒక అంకె చిన్నప్పుడే తెలుస్తుంది: 2,222. ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, 1878 జూలై 3న, ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ సంఖ్య అది. వాళ్ళలో దాదాపు అందరూ మాదిగలు. సంఘాల వార్షికోత్సవాల్లో, పాస్టర్ల ప్రసంగాల్లో ఈ అంకె ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

ఈ అంకె ఎక్కడికి వెళితే అక్కడికి ఇంకో మాట కూడా వస్తుంది. "కరువు రోజులు కదా! గంజి పోశారు, మారిపోయారు." ఇంగ్లీషువాళ్ళు దీనికి ఒక పేరు కూడా పెట్టారు, రైస్ క్రిస్టియన్లు అని. మన దగ్గర అంత పేరు కూడా అక్కర్లేదు, పెదవి విరిస్తే చాలు. గంజి కోసం కొన్నది కాబట్టి ఆ విశ్వాసం నిజమైనది కాదని, కడుపు నిండగానే అది పోయి ఉండాలని దాని అర్థం.

మరి అది పోలేదు. దాదాపు నూటయాభై ఏళ్ళు, ఐదారు తరాలు నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలుసుకోవాలంటే ఆ కాలం లెక్కల పుస్తకం ఒకసారి విప్పి చూడాలి. మతం మారినందుకు వాళ్ళకి ఏం వచ్చింది, ఏం పోయింది, ఏది ముందు జరిగింది, ఏది తరవాత జరిగింది? ఈ తేదీల వరస పట్టించుకోకపోవడం వల్లే గంజి కథ అంత సులువుగా చెల్లుబాటవుతోంది.

నష్టాల్లో నడిచిన మిషన్

మొదట మిషన్ వాళ్ళ సొంత లెక్క చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ళ మధ్య పని చెయ్యడానికి వచ్చింది 1836లో. విశాఖపట్నంలో దిగాడు, మద్రాసు వెళ్ళాడు, చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆ తరవాత పాతికేళ్ళ శ్రమకి చూపించుకోదగ్గ ఫలితం ఏమీ లేదు. విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

అమెరికాలో చందాలు పోగుచేసి డబ్బు పంపేవాళ్ళకి విసుగు వచ్చింది. 1853లో ఈ మిషన్ మూసేద్దామా అని పెద్ద చర్చ జరిగింది. వాళ్ళ పటం మీద బర్మా వైపు బోలెడన్ని మిషన్ కేంద్రాల గుర్తులు, ఇటు నెల్లూరు దగ్గర మాత్రం ఒకే ఒక్క చుక్క. దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ పేరుతో ఒక కవిత పుట్టింది, మూసివేత ఆగింది. 1862లో మళ్ళీ అదే చర్చ. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది, డబ్బుకి కటకట. సెలవు మీద స్వదేశం వెళ్ళిన లైమన్ జూయెట్ తను మాత్రం తిరిగి వెళతానని, మిషన్ పంపకపోయినా వెళతానని, తెలుగువాళ్ళ మధ్యే చచ్చిపోతానని పట్టుబట్టాడు. అలా అయితే కనీసం నిన్ను పాతిపెట్టడానికైనా ఎవరినో ఒకరిని తోడు పంపాలి కదా అని అక్కడి కార్యదర్శి అన్నాడట. అలా జూయెట్‌కి తోడు వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు చేరాడు, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

అంటే జనాన్ని కొనేంత డబ్బు ఈ మిషన్ దగ్గర లేదు. దాని సొంత మనుగడే చందాల మీద వేలాడుతోంది.

పేరయ్య అప్పటికే వెతుకుతున్నాడు

ఎర్రగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాడు మాదిగ. తోలు పని చేసేవాడు. చర్మాల వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. ఒంగోలు సంఘాల చరిత్రలో మొట్టమొదటి పెద్ద పేరు ఇతనిదే. అయితే ఇతను క్రైస్తవం వైపు వచ్చేముందు చేసిన ప్రయాణం గురించి చర్చిల్లోనూ తక్కువే చెబుతారు, బయటా తక్కువే చెబుతారు.

పేరయ్య అప్పటికే రాజయోగం సాధన చేసినవాడు. బండికట్ల వీరమ్మ అనే ఆవిడ దగ్గర ఉపదేశం పొందాడు. ఆ రోజుల్లో గుంటూరు, నెల్లూరు సీమల్లో మాదిగపల్లెల్లో ఇలాంటి గురువులు, శిష్యులు, రాత్రిళ్ళు కూడి తత్త్వాలు పాడుకునే గుంపులు ఉండేవి. పోతులూరి వీరబ్రహ్మం పేరు ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. విగ్రహం ఎందుకు, కులం ఎందుకు, ఉన్న దేవుడు ఒక్కడే కదా అనే మాటలు అక్కడ వందేళ్ళుగా తిరుగుతున్నవే.

ఈ సంగతులు మనకి తెలిసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వల్ల. ఈవిడ 1882లో ఒంగోలు వచ్చిన మిషనరీ. తరవాత క్లౌని రెండో పెళ్ళి చేసుకుంది. అమెరికాలో క్రైస్తవాన్ని కూలీల బతుకులతో ముడిపెట్టి మాట్లాడిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె తమ్ముడే. ముసలివాళ్ళైన మాదిగ బోధకులని కూర్చోబెట్టి వాళ్ళ జ్ఞాపకాలు అడిగి రాసుకుంది. 1899లో ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. చెప్పులు కుట్టుకుంటూ ఉండగా, అని దాని పేరుకి అర్థం. మిషనరీ కళ్ళద్దాలు అందులో ఉన్నాయి, కాదనలేం. అయినా అంతకుముందు ఎవరూ అడగని మనుషులని ఆవిడ అడిగింది. ఆ జవాబుల్లో ఒక మాదిగవాడు తన ఆత్మ గురించి ఏళ్ళ తరబడి దిగులు పడ్డాడని, ఒక గురువు దగ్గరనుంచి ఇంకో గురువు దగ్గరికి నడిచాడని మనం చదువుతాం.

పేరయ్య, అతని భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నది 1866లో. కరువుకి పదేళ్ళ ముందు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు గంజి కేంద్రమూ లేదు, కాలవ పనీ లేదు. పేరయ్య ఊరూరా తిరిగి, తన చుట్టాలతో, పాత యోగం జట్టువాళ్ళతో మాట్లాడి వాళ్ళని తెచ్చాడు.

ఇక్కడే మిషన్‌కి ఇంకో కష్టం వచ్చిపడింది. ఒంగోలులో క్లౌ దంపతులు పెట్టిన బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలని చేర్చుకుంటే మేం రామని వాళ్ళు చెప్పేశారు. బ్రాహ్మణులూ, కోమట్లూ వస్తే మిషన్‌కి పరువు, పలుకుబడి. మాదిగలు వస్తే ఆ తలుపు మూసుకుంటుంది. క్లౌ, అతని భార్య హేరియట్ వేరువేరుగా కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం ఎదురైందని మిషన్ కథ చెబుతుంది. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివర, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు. ఆ కథని మీరు నమ్మినా నమ్మకపోయినా జరిగింది మాత్రం ఇదే: మాదిగలని చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

మూడు ఆజ్ఞలు, మూడు కోతలు

చేరినవాళ్ళకి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు.

సండే స్కూల్లో కూర్చుని వింటే ఇవి మామూలు మాటలు. 1867లో నెల్లూరు జిల్లా మాదిగపల్లెలో కూర్చుని వినాలి. ఒక్కో నియమం ఒక్కో కూలికోత.

మాదిగవాడికి ఊరితో ఉన్న ఒప్పందం ఇది: రైతులకి చెప్పులు కుట్టాలి, కపిల బావులకి తోలు బొక్కెనలు కట్టాలి, ఊరి పెద్దలు పిలిస్తే వెట్టికి పోవాలి, జాతరకి డప్పు కొట్టాలి. బదులుగా కోతల కాలంలో కళ్ళంలో అతనికి మేర దొరుకుతుంది. ఊళ్ళో గొడ్డు చస్తే దాని చర్మమూ, మాంసమూ అతనివి. ఇందులో డబ్బుగా చేతికొచ్చేది చాలా తక్కువ. ఒప్పందంలో ఒక ముక్క లాగితే మిగతాదంతా ఊడి వస్తుంది.

ఆదివారం పని మానాలంటే కోతలప్పుడు, నాట్లప్పుడు ఆసామి పిలిస్తే రానని చెప్పాలి. వెట్టికి సెలవురోజు అనేది ఎక్కడుంది? వారానికి ఒకరోజు నా శరీరం నాది అని మాదిగవాడు అనడం రైతుకి మతం విషయంలా వినబడదు, ఎదురు తిరగడంలా వినబడుతుంది. చచ్చిన గొడ్డు తినడం మానాలంటే ఏడాదిలో ఎక్కువ నెలలు అర్ధాకలితో ఉండే ఇంట్లో ఉన్న ఒకే మాంసాన్ని వదులుకోవాలి. ఇక మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. డప్పు లేకుండా జాతర లేదు. కలరా వచ్చినప్పుడు, వానలు పడనప్పుడు ఊరంతా అమ్మవారి దగ్గరికి పోతుంది. మాదిగవాడు డప్పు ఎత్తనంటే అమ్మవారికి కోపం వస్తుంది, ఆ కోపం ఊరందరి మీదా పడుతుంది. ఊరివాళ్ళు భయపడ్డారు. అది నిజమైన భయమే.

కాబట్టి కరణం, మునసబు కదిలారు. తాళ్ళకొండపాడు వైపు పల్లెల్లో జరిగిన కట్టుబాటు గురించి క్లౌ రాశాడు. దారిన నడవకూడదు, నీళ్ళు తోడుకోకూడదు, అంగట్లో సరుకు అమ్మరు, పనికి పిలవరు. దొంగకేసులు పెట్టారు. క్లౌ కలెక్టర్ దగ్గరికి పోగలిగిన చోట కొంత ఊరట దొరికింది. దొర అండ ఉందన్న ధైర్యం మాదిగలకి ఒక లాభమే, దాన్ని దాచక్కర్లేదు. అయితే దొర ఉన్నది ఒంగోలులో. ఆకలి రాత్రి పల్లెలో గడవాలి. పల్లెలు పదుల మైళ్ళ దూరంలో ఉన్నాయి.

కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. డప్పు మళ్ళీ ఎత్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి మనం ఎవరం? కానీ చాలామంది వెళ్ళలేదు. కరువుకి ముందే ఒంగోలు సంఘంలో సభ్యులు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఒక్కొక్కరూ ఈ లెక్కలో ఎంతో కొంత నష్టపోయి మిగిలినవాళ్ళే.

ధాత కరువు

1876లో ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. తెలుగు సంవత్సరాల ప్రకారం అది ధాత. అందుకే పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధాని అంతటా, మైసూరు, బొంబాయి వైపూ రెండేళ్ళు ఆ కరువు మనుషుల్ని తినేసింది. మొత్తం చావులు యాభై లక్షలు దాటాయని సాధారణంగా చెప్పే అంచనా.

వైస్రాయి లిట్టన్‌కి జనంకంటే ఖర్చు ఎక్కువ బెంగ. 1877 మొదట్లో అతను పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి, కరువు పనుల్లో ఎదిగిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఇంకా తక్కువ. రోజంతా మట్టి తవ్వే మనిషికి ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని గింజలు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ కూలితో మనుషులు బతకరని గట్టిగా వాదించాడు. ఆ వాదం మీద కొంత పెంచారు, అదీ ఆలస్యంగా.

ఆ రోజుల్లో ప్రభుత్వం పెట్టిన పెద్ద కరువు పని తీరం వెంట ఉప్పునీటి కాలవ. మద్రాసు గవర్నర్ పేరుతో దాన్ని బకింగ్‌హాం కాలవ అంటున్నాం. పనికి పోయిన మాదిగలకి అక్కడా ఊరే ఎదురైంది. మేస్త్రీలు పై కులాలవాళ్ళు. కూలి కొట్టేసేవారు, ముట్టుకోకూడదని దూరంగా నెట్టేసేవారు, కొట్టేవారు. జనం పనులనుంచి పారిపోయి వస్తున్నారు.

క్లౌ కుర్రతనంలో అమెరికాలో మిన్నెసోటా వైపు భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. కాలవలో కొన్ని మైళ్ళ ముక్క తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గరున్న మాదిగ బోధకులని మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద ఒక జట్టు. వేలమంది వచ్చారు. కూలి ఏ రోజుది ఆ రోజు, కోత లేకుండా. పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు మాట్లాడేవారు. ఎక్కువగా చెప్పింది ఒకటే చోటునుంచి, మత్తయి సువార్త పదకొండో అధ్యాయం చివర, బరువు మోసి అలసినవాళ్ళని యేసు తన దగ్గరికి రమ్మని పిలిచే మాటలు. నెత్తిన మట్టి తట్ట పెట్టుకున్న మనిషికి ఆ మాటలకి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కూలి మంచిగా ఇచ్చారు, దేవుడి గురించీ చెప్పారు. ఇంకేం, గంజి కథ రుజువైనట్టే కదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే తేదీలు చూడాలి. కాలవ పని నడిచినంత కాలం, తరవాత లండన్‌నుంచి వచ్చిన మేన్షన్ హౌస్ చందా డబ్బు పంచుతున్నంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళని వెనక్కి పంపేశాడు. ఈ ఆరోపణ వస్తుందని అతనికి తెలుసు. సాయం చేతిలో ఉండగా నీళ్ళలో దించితే ఆ విశ్వాసాన్ని ఎవరూ నమ్మరు, బహుశా తనే నమ్మలేడు.

అంటే గంజి దొరికిన కాలంలో క్రైస్తవులు కావడానికి వీల్లేకుండా పోయింది.

జూలై 3

1878 నడివేసవి దాటాక సాయం అయిపోయింది. క్లౌ తన బోధకులని, పాత విశ్వాసులని వెల్లంపల్లి దగ్గర కలవమన్నాడు. కొత్తవాళ్ళని తీసుకురావద్దని, డబ్బు లేదని కబురు పెట్టాడు. వేలమంది వచ్చారు. ఇంటికి పొమ్మన్నాడు, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదన్నాడు. వాళ్ళు చెప్పిన జవాబుని క్లౌ రాసిపెట్టాడు. దాని సారాంశం ఇది: మాకు సాయం వద్దు. మా చేతుల్లో బొబ్బలు చూడు, మేం పనిచేసి బతికినవాళ్ళం, ఇకముందూ అలాగే బతుకుతాం. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం. చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చావాలి.

ఈ మాటలు ఒక మిషనరీ కలంనుంచి, ఇంగ్లీషులో, చాలా ఏళ్ళ తరవాత మనదాకా వచ్చాయి. యథాతథంగా ఇవే అన్నారని నేను వాదించను. అయితే అందులో ఒక వివరం అల్లినట్టు అనిపించదు. బతికించమని అడగలేదు వాళ్ళు. ఇంకో కరువు రావచ్చని, అందులో తాము పోవచ్చని లెక్క వేసుకునే వచ్చారు. రెండేళ్ళు చావుని పక్కనే చూసినవాళ్ళు మాట్లాడే తీరు అది.

జూలై 3 పొద్దున మొదలైంది. నీళ్ళలో నిలబడ్డది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులవారీగా దిగి, ఒక్కొక్కరికే ఇచ్చారు. సాయంత్రానికి 2,222. ఆ ఏడాది చివరికి మొత్తం తొమ్మిది వేలు దాటింది.

ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకోవడం ఏమిటని తోటి మిషనరీల్లోనే గొణుగుడు వచ్చింది. వీళ్ళ విశ్వాసం లోతుని ఎవరు పరీక్షించారని అడిగారు. నాకు మాత్రం ఆ పరీక్ష అప్పటికే అయిపోయిందనిపిస్తుంది, ఏడాదికి పైగా వద్దు పొమ్మంటే మళ్ళీ మళ్ళీ వచ్చి నిలబడటంలో.

ఈ ప్రశ్న ఎవరినే అడుగుతాం?

అలాగని వాళ్ళు అన్నం గురించి ఆలోచించలేదని చెప్పడం ఇంకో అబద్ధం. తప్పకుండా ఆలోచించారు. కాలవ దగ్గర కొట్టని మేస్త్రీ దొరికాడు, అతను తమవాడే. పూర్తి కూలి చేతిలో పడింది. పిల్లలకి బడి ఉంటుందని తెలుసు. కరణం దొంగకేసు పెడితే అడిగేవాళ్ళు ఉంటారని తెలుసు. ఈ ఆశలన్నీ వాళ్ళ విశ్వాసంలో కలిసే ఉన్నాయి. ఇన్ని కలిసి ఉన్నంత మాత్రాన విశ్వాసం దొంగదైపోతుందా?

వానల కోసం వరుణయాగం చేసిన ఊరిని మనం వాన భక్తుల ఊరు అనం. కొడుకు పుడితే తలనీలాలు ఇస్తానని, కేసు గెలిస్తే హుండీలో వేస్తానని మొక్కుకునే మనిషి భక్తిని అనుమానించం. శాసనాల్లో దానాలిచ్చిన రాజులు ఆయుస్సు, సంపద, విజయం కావాలని నేరుగా చెక్కించారు. అది భక్తిగానే చరిత్రలోకి ఎక్కింది. దేవుడిని అడగడానికి అవసరాలు ఉండటం అందరికీ మామూలే. ఆ అవసరం అన్నం అయినప్పుడు, అడిగేది మాదిగవాడు అయినప్పుడు మాత్రం మనకి ఆత్మశుద్ధి గురించి పట్టింపు మొదలవుతుంది.

బీదవాడికి కడుపు ఒక్కటే ఉంటుందని, మనసు ఉండదని ఈ ఆరోపణ అడుగున ఒక నమ్మకం ఉంది. బండికట్ల వీరమ్మ దగ్గర కూర్చున్న పేరయ్య దానికి జవాబు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు మన పట్టణాల్లో గోడలనిండా స్వస్థత కూటాల, ఆశీర్వాద కూటాల పోస్టర్లు. అప్పులు తీరతాయని, వ్యాపారం లేస్తుందని, విశ్వాసం ఉంటే నష్టం రాదని వేదికల మీద చెబుతున్నారు. నష్టం వచ్చినవాడు తన విశ్వాసంలోనే లోపం ఉందేమోనని కుమిలిపోతూ ఇంటికి వెళతాడు. ఒంగోలు సంఘం మొదటి తరానికి ఈ బోధ అర్థమయ్యేది కాదు. వాళ్ళకి నష్టాలు విశ్వాసం తక్కువై రాలేదు, విశ్వాసం వల్లే వచ్చాయి. మేర పోయింది, పని పోయింది, ఊరు పోయింది. అయినా ఆదివారం పొద్దున చింతచెట్టు కింద కూర్చున్నారు. వాళ్ళకి అక్కడ దొరికిందేమిటో డబ్బులో చెప్పలేం. పుట్టుక ఇచ్చిన పేరు కాకుండా తామే ఎంచుకున్న పేరు ఒకటి వాళ్ళ జీవితాల్లో అప్పుడే మొదటిసారి చేరింది.

అక్కడ దొరకనిది కూడా చెప్పాలి. కులం చర్చి బయట ఆగలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువైతే, గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువయ్యారు. పెళ్ళి సంబంధాలు, సంఘం పెద్దరికాలు ఆ గీతలమీదే నడిచాయి. నేల దొరకలేదు. ఆసామి పొలం ఆసామిదే.

మతం గడి

కరువు పోయింది, తెల్లవాళ్ళు పోయారు. కానీ ఈ లెక్కల పుస్తకంలో పెద్ద నష్టం ఇంకా రాయాల్సే ఉంది.

షెడ్యూల్డ్ కులాల జాబితా మొదటిసారి తయారైనప్పుడు, 1936లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులెవరూ ఆ జాబితాలోకి రారని రాశారు. స్వతంత్రం వచ్చాక 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా కూడా దాదాపు అదే చెప్పింది: హిందూమతం కాక వేరే మతం పాటించేవారు షెడ్యూల్డ్ కులస్థులు కారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని ఆ పేరాలో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ కులాలనుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సీ అన్నారు, 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు.

ఈ పేరా న్యాయస్థానానికి వెళ్ళిన ఒక కేసు ఉంది. సూసై అనే ఆయన మద్రాసులో రోడ్డుపక్కన చెప్పులు కుట్టేవాడు. ఆది ద్రావిడుడిగా పుట్టి క్రైస్తవుడయ్యాడు. రోడ్డుపక్కన పనిచేసుకునే షెడ్యూల్డ్ కులాల చర్మకారులకి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తోంది. క్రైస్తవుడు కాబట్టి ఆయనకి ఇవ్వలేదు. 1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారినా కులం వల్ల వచ్చే బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని చూపించే ఆధారాలు చాలవంది.

అదే ఏడాది జూలై 17న, ఒంగోలుకి ఎంతో దూరం కాని కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపేశారు. ఆ నేలంతా పాత బాప్టిస్టు మిషన్ తిరిగిన నేలే. మతం మారితే కులం పోతుందా అన్న ప్రశ్నకి ఊళ్ళు ఇచ్చే జవాబు ఒకటి, కాగితం ఇచ్చే జవాబు ఇంకొకటి. ఊరు ఎప్పుడూ మర్చిపోలేదు.

తరవాత 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

ఈలోగా ఇళ్ళల్లో ఏం జరుగుతోందో కోస్తాలో అందరికీ తెలుసు. బళ్ళో చేర్చేటప్పుడు ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు. సర్టిఫికెట్లో హిందూ అని ఉంటుంది, గోడమీద సిలువ ఉంటుంది. ఎమ్మార్వో ఆఫీసు మనిషి విచారణకి వస్తున్నాడంటే బైబిలు బీరువాలోకి పోతుంది. దీన్ని మోసం అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళున్నారు. రెండు చోట్లా నిజాయితీగా ఉంటామని మొండికేసి, ఉద్యోగం, హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు వదులుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. దాచుకున్నవాళ్ళు పిరికివాళ్ళూ కారు, వదులుకున్నవాళ్ళు అమాయకులూ కారు. రెండు ఇళ్ళూ ఒకే బిల్లు కడుతున్నాయి, వాయిదాలు వేరు.

ఇప్పుడు మళ్ళీ మొదటి మాట దగ్గరికి వద్దాం. అన్నం కోసమే మారి ఉంటే ఈ 1950 ఉత్తర్వు ఒక్కటి చాలు, మొత్తం పల్లెలు తిరిగి మారిపోవడానికి. లాభం అంతా అటువైపే ఉంది. ఒక ఫారంలో ఒక గడి నింపితే చాలు. చాలామంది ఆ గడి నింపారు కూడా. అయితే నింపినవాళ్ళు కూడా ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం పట్టుకుని నడిచి వెళుతున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందిని అడిగిన ప్రశ్ననే వాళ్ళ మునిమనవళ్ళని తాసీల్దారు ఆఫీసు కౌంటరు దగ్గర ఇవాళ కూడా అడుగుతున్నారు. ఆ రోజు జవాబు చెప్పిన చేతుల్లో బొబ్బలున్నాయి. ఇవాళ జవాబు చెప్పే చేతుల్లో దరఖాస్తు ఫారం ఉంది, అందులో మతం అనే గడి ఖాళీగా ఉంది.